ఆత్మసమర్పణము, ఆత్మీయ ఫలము: లేఖన బోధయు, మన నేలపై దాని సాక్ష్యమును

క్రైస్తవ విశ్వాసమునందు తరచుగా వినబడు మాటలలో ‘సమర్పణ’ ఒకటి. కూటములలో విందుము, పాటలలో పాడుదుము, ప్రార్థనలలో పలుకుదుము. అయితే ఎవరికి సమర్పించవలెను, ఏమి సమర్పించవలెను, దానివలన కలుగు ఫలమెట్టిది అని ఎవరైనను అడిగినచో తడబడువారే ఎక్కువ. ఇంటిలో పిల్లలు అడిగినప్పుడు పెద్దలు చెప్పగలుగుటకు వీలుగా, ఈ విషయమును గూర్చిన లేఖన బోధను, నెల్లూరు, ఒంగోలు, వేలూరు ప్రాంతములలో జరిగిన కొన్ని సంగతులను ఇచ్చట ఒకచోట కూర్చుచున్నాము.

గింజను గూర్చిన మాట

ఈ బోధకు మూలమైన ఉపమానము యోహాను సువార్త 12వ అధ్యాయమున కలదు. పస్కా పండుగకు వచ్చినవారిలో కొందరు గ్రీసు దేశస్థులు యేసును చూడగోరి మొదట ఫిలిప్పు నొద్దకు వచ్చిరి. ఫిలిప్పు బేత్సయిదా వాడు. ఆ ఊరు గలిలయకు అంచున, గ్రీకు భాష వినబడు ప్రాంతమునకు ఆనుకొనియుండెను. అతని పేరు కూడ గ్రీకు పేరే. పరభాషవారు తమ మాట తెలియగలవాని నెదకికొని వచ్చిరని తలంచుటలో తప్పులేదు. రెండు భాషల నడుమ బ్రదుకు మనవంటివారికి ఈ సన్నివేశము సులభముగా అర్థమగును.

ఫిలిప్పు అంద్రెయతో చెప్పెను, ఇరువురును యేసుతో చెప్పిరి. దూరదేశపు జనులు వెదకికొని వచ్చుట లోకరీతిగా గొప్ప విజయము. ఆ సమయమున ఆయన విజయమును గూర్చి మాటలాడక, భూమిలో పడి చావవలసిన గోధుమ గింజను గూర్చి మాటలాడెను. గింజ చావకున్నచో ఒంటిగానే మిగులుననియు, చచ్చినచో విస్తారముగా ఫలించుననియు ఆ బోధ సారాంశము. ఆయన దీనిని మొదట తన మరణమునకే అన్వయించెను, తరువాతనే తన్ను వెంబడించువారికి వర్తింపజేసెను. వెంటనే తన ప్రాణము కలతపడుచున్నదని కూడ ఒప్పుకొనెను. కాబట్టి సమర్పణ యనగా బాధ తెలియని స్థితి కాదు. బాధ తెలిసియు వెనుదీయకుండుట.

ఇచ్చట గమనింపవలసినదొకటి కలదు. చావునకు ఎదురుగా ఆయన ఉంచినది బ్రదుకు కాదు, ఒంటరితనము. చావని గింజ చెడిపోవునని చెప్పలేదు. అది చక్కగా, గుండ్రముగా, గాదెలో భద్రముగా ఉండవచ్చును. అయితే అది ఒక్కటే.

గింజ నిజముగా చచ్చునా యని బడిలో పిల్లలు అడుగుదురు. మొలక శాస్త్రము ప్రకారము లోపలి అంకురము సజీవమే. అయితే గింజ తనకై దాచుకొనిన పిండిపదార్థమంతయు ఆ మొలకకు ఆహారమై కరగిపోవును. పై పొట్టు చివికి మట్టిలో కలియును. కొన్ని దినములైన తరువాత త్రవ్వి చూచినచో మొక్క కనబడును గాని మనము నాటిన గింజ కనబడదు. మన రైతులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఎంతటి కరవులోనైనను విత్తనపు గింజలను వండుకొనక దాచియుంచు కుటుంబములు మన పల్లెలలో ఉండెడివి. పొయ్యి మీదికి పోవలసిన గింజలను మట్టిలో చల్లుట ఎంత నమ్మకముతో కూడిన పనియో వారికి తెలియును.

ద్రాక్షతీగె, రెండు కత్తిరింపులు

అదే సువార్త 15వ అధ్యాయమున మరియొక ఉపమానము కలదు. ప్రభువు ద్రాక్షవల్లి, శిష్యులు తీగెలు, తండ్రి వ్యవసాయకుడు. ఫలింపని తీగెను ఆయన తీసివేయును, ఫలించు తీగెను మరింత ఫలించుటకై శుద్ధి చేయును. అనగా కత్తి పడునది పనికిరాని తీగె మీదనే కాదు, మంచి తీగె మీదను.

మహారాష్ట్రలో షోలాపూరు, సాంగ్లీ, నాసిక్ వైపున నివసించు మనవారు ద్రాక్షతోటలను చూచియేయుందురు. అచ్చట ఏడాదికి రెండు మారులు కత్తిరింపు జరుగును. ఏప్రిల్ మాసపు కత్తిరింపు వలన గుత్తులు రావు, క్రొత్త తీగెలు మాత్రమే వచ్చును. రాబోవు పంటకు కావలసిన మొగ్గలు ఆ తీగెలలో లోలోపల ఏర్పడును. అక్టోబరు కత్తిరింపు తరువాతనే గుత్తులు వచ్చును. మొదటి కత్తిరింపు నాడు తోటను చూచిన క్రొత్తవాడు, పచ్చని తోటను పాడుచేసిరని తలంచును. రైతు అట్లు తలంపడు. విశ్వాసి జీవితమునను కోత కలిగిన వెంటనే ఫలము కనబడకపోవచ్చును. ఆ కాలము వ్యర్థము కాదని ఈ తోటలు నేర్పుచున్నవి.

ఈ ఉపమానమున తీగెకు అప్పగింపబడిన పని ఒక్కటే, వల్లిలో నిలిచియుండుట. పండ్లు కాయుటకై తీగె పెనుగులాడదు. సారము వల్లి నుండి వచ్చును. కావున సమర్పణ మన పట్టుదల చేత సాధించు ఘనకార్యము కాదు, విడువక అంటియుండుట.

ఫలమనగా నేమి?

గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయమున అపొస్తలుడైన పౌలు ఆత్మ ఫలమును వివరించుచు తొమ్మిది గుణములను చెప్పెను. అవి ప్రేమతో మొదలై ఆశానిగ్రహముతో ముగియును. మూలభాషలో ‘ఫలము’ అను మాట ఏకవచనము. తొమ్మిది వేరువేరు పండ్లు కావు, ఒకే పండునకు తొమ్మిది రుచులు. కావున నాకు ప్రేమ కలదు గాని దీర్ఘశాంతము లేదని సరిపెట్టుకొనుటకు వీలులేదు.

రోమీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయమున పౌలు శరీరములను సజీవ యాగముగా అర్పించుకొనుమని వేడుకొనెను. బలిపీఠము మీది పశువు ఒక్కసారి చచ్చును. సజీవమైన అర్పణ మాత్రము ప్రతి ఉదయమును తన్ను తాను మరల అర్పించుకొనవలెను. లూకా సువార్త 9వ అధ్యాయమున సిలువ నెత్తికొనుమను ఆజ్ఞలో ‘ప్రతిదినము’ అను మాట ఉండుట ఇందుకే. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసికొనిన విధమును చెప్పి, అదే మనస్సు సంఘమున ఉండవలెనని కోరుచున్నది. ఆ పత్రికను పౌలు బంధకములలో నుండి వ్రాసెను.

విత్తినవాడొకడు, కోసినవాడొకడు

ఈ బోధకు తెలుగు నేలపై దొరకు సాక్ష్యములలో నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు మిషను చరిత్ర ముఖ్యమైనది. శామ్యూల్ డే అను మిషనరీ 1836లో ఈ దేశమునకు వచ్చి మొదట శ్రీకాకుళమున ఉండెను. తరువాత చెన్నపట్టణమునకు మారెను. అచ్చట తెలుగువారు విస్తారముగా ఉండినను, తెలుగు పల్లెల నడుమ ఉండవలెనని 1840లో నెల్లూరు చేరెను. ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోయి, 1848లో లైమన్ జ్యూయెట్ దంపతులతో కూడ మరల బయలుదేరి వచ్చెను. ఏండ్లు గడచినను నెల్లూరి సంఘమున చేరినవారు కొలదిమందియే.

1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమున జరిగిన మిషను సభలో ఈ పనిని మూసివేయవలెనా యను చర్చ జరిగెను. పటములో తెలుగు దేశమంతటికి ఆ సంస్థకున్న కేంద్రము నెల్లూరు ఒక్కటే కాబట్టి దానికి ‘ఒంటి నక్షత్రము’ అని పేరు పడెను. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి ఆ పేరుతో ఒక పద్యము వ్రాయగా సభవారి మనస్సు మారెను. పని నిలిచెను.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, నర్సు, జూలియా, రూతు అను ముగ్గురు భారతీయ విశ్వాసులు, మొత్తము ఐదుగురు, ఒంగోలు కొండ నెక్కి ప్రార్థించిరి. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ యని పిలుచుచున్నారు. 1862లో మిషనును మూయు మాట మరల వచ్చినప్పుడు, ఎవరు తోడు రాకున్నను తాను ఒంటరిగానైన తిరిగి పోయెదనని జ్యూయెట్ పట్టుపట్టెను. ఆ పట్టుదల ఫలితముగా జాన్ ఎవరెట్ క్లౌ ఆయనతో కూడ పంపబడి 1865లో నెల్లూరు చేరెను, 1866లో ఒంగోలుకు మారెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు అందలి సభ్యులు ఎనిమిదిమంది మాత్రమే.

శామ్యూల్ డే 1853లోనే అనారోగ్యముతో ఈ దేశమును విడిచెను. 1871లో మరణించెను. వేలాదిమంది వచ్చిన 1878వ సంవత్సరమును ఆయన చూడలేదు. విత్తువాడొకడు, కోయువాడొకడు అను భావము యోహాను సువార్త 4వ అధ్యాయమున కలదు. దానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము మన ప్రాంతమున దొరకదు.

ఎర్రగుంట్ల పేరయ్య

ఈ చరిత్రలో విదేశీయుల త్యాగమును మాత్రమే చెప్పి ముగించుట పరిపాటి. అది సగము కథయే. ఒంగోలుకు పడమటనున్న తాళ్లకొండపాడునకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులమున పుట్టినవాడు, తోళ్ల వ్యాపారము చేయువాడు. సత్యమును వెదకుచు యోగమార్గపు గురువుల నాశ్రయించినవాడు. వ్యాపారమునకై ఉత్తర దిక్కుగా పోయినప్పుడు క్రీస్తును గూర్చి విని, 1866లో ఒంగోలులో బాప్తిస్మము పొందెను. ఆయనయు భార్య నాగమ్మయు తమ ఊరికి మరలిపోయి తమవారికి బోధించిరి. మరుసటి సంవత్సరారంభమున క్లౌ ఆ ఊరికి పోయినప్పటికి, ఒక సమూహమే ఆయనకై ఎదురుచూచుచుండెను.

ఆ దినములలో మాదిగ విశ్వాసులు చెల్లించిన వెలను నేటి కుటుంబములు తెలిసికొనవలెను. జాతరలలో డప్పు కొట్టుట, చచ్చిన పశువుల మాంసము తినుట, ఆదివారమున వెట్టిపని చేయుట, ఈ మూటిని వారు మానివేసిరి. అందుకు బదులుగా నీళ్లు అడ్డగింపబడినవి, పనులు పోయినవి, కూలి గింజలు నిలిచిపోయినవి, దెబ్బలు పడినవి. వారికి దాచుకొనిన ధనము లేదు, అండగా నిలుచు బంధువర్గము లేదు. ఉన్న కొద్ది ఆధారమును వారు వదలుకొనిరి. వారి చేతిలోనున్నది ఒక్క గింజయే, దానినే మట్టిలో వేసిరి.

క్లౌకు కూడ పరీక్ష వచ్చెను. ఒంగోలులో ఆయన నడుపు బడికి పెద్ద కులముల పిల్లలు వచ్చుచుండిరి. మాదిగలను సంఘములో చేర్చుకొన్నచో తాము రాలేమని ఆ కుటుంబములవారు తేల్చిచెప్పిరి. పలుకుబడి గలవారిని నిలుపుకొనుటా, పేదలను చేర్చుకొనుటా అని ఆయన కలత చెందెను. ఆ సమయమున ఆయనయు, భార్యయు ఒకరికి తెలియకుండ ఒకరు వేరువేరుగా కొరింథీయుల మొదటి పత్రిక 1వ అధ్యాయపు చివరి భాగమునే తెరచిరని ఆయన ఆత్మకథ చెప్పుచున్నది. లోకము ఎన్నికచేయని వారిని దేవుడు ఎన్నుకొనునను బోధ అచ్చట కలదు. పెద్ద కులముల పిల్లలు బడి విడిచిరి. పేదలు సంఘమున నిలిచిరి.

కరవు, కాలువ, నది

1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును మహా కరవు పీడించెను. క్లౌ యౌవనమున భూమి కొలతల పని చేసినవాడు. ఆ అనుభవముతో బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొని, ఆకలితో వచ్చిన వేలాదిమందికి పని కల్పించెను. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలిచిరి. చేసిన పనికి కూలి లభించెను గనుక తిన్నవారు బిచ్చగాండ్రు కాలేదు.

గంజికొరకు మతములో చేరిరను నింద రాకుండునట్లు, సహాయము పంచిన కాలమున ఒక సంవత్సరమునకు పైగా ఆయన ఎవరికిని బాప్తిస్మమీయలేదు. సంఖ్య పెరుగు అవకాశము చేతిలో ఉండగా దానిని విడిచిపెట్టుట సామాన్యము కాదు. కరవు పని ముగిసి, ఇక ఇచ్చుటకు ధనము లేదని తెలిసిన తరువాత కూడ జనులు వచ్చిరి. 1878 జూలై 3న ఒంగోలు సమీపమున వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీటిలో నిలిచి ఈ కార్యమును జరిపిరి. ఆ సంవత్సరాంతమునకు చేరినవారు తొమ్మిది వేలు దాటిరి.

ఆ 2,222 అను సంఖ్యను మనవారు పలుమారులు చెప్పుకొందురు. నిజమైన ఫలము దానిలో మాత్రమే లేదు. తరతరములుగా అక్షరము ఎరుగని వాడలలో బడులు వెలసినవి. ఆ బడులలో చదివినవారి పిల్లలు ఉపాధ్యాయులైరి, నర్సులైరి. అవమానమునే అలవాటుగా మోసినవారు తలయెత్తి నడచిరి. ఫలమును లెక్కించుటకు మూడు తరములు కావలసివచ్చెను.

సరిహద్దునకు ఆవల, వేలూరులో

చిత్తూరు వైపు పల్లెలవారికి వేలూరు ఆసుపత్రి ఇంటి పేరువలె పరిచయము. దానిని స్థాపించిన ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో మిషనరీ కుటుంబమున జన్మించెను. ఈ దేశమున పనిచేయుటకు ఆమెకు మొదట ఇష్టములేదు. తల్లి అనారోగ్యము చేత తిండివనమునకు వచ్చియుండగా, ఒకే రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరుగా వచ్చి, ప్రసవ వేదనలోనున్న తమ భార్యలను రక్షింపుమని వేడిరి. ఆమె వైద్యురాలు కాదు. వైద్యుడైన తండ్రిని తీసికొనిపొమ్మనగా, పరపురుషుడు స్త్రీని చూడరాదని వారు ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆ రాత్రి ఆమె తన ఇష్టమును వదలుకొనెను.

1899లో వైద్యవిద్య ముగించి, 1900లో తిరిగివచ్చి వేలూరులో ఒకే మంచముతో వైద్యము మొదలుపెట్టెను. 1902లో ఆసుపత్రి, 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీల వైద్యపాఠశాల ఏర్పడినవి. 1947 నుండి పురుషులను కూడ చేర్చుకొనిరి. ఆమె 1960లో మరణించెను.

అదే ఆసుపత్రిలో వైద్యురాలైన మేరీ వర్గీసు 1954లో జరిగిన వాహన ప్రమాదమున నడుము క్రింది చలనమును కోల్పోయెను. కోలుకొనిన తరువాత చక్రముల కుర్చీలో కూర్చుండి కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. విదేశములలో పునరావాస వైద్యము నేర్చి వచ్చి, తనవలె నడువలేనివారికై వేలూరులో 1966లో ప్రత్యేక కేంద్రమును నెలకొల్పెను. 1972లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చెను. 1986లో ఆమె మరణించెను. ఈమె తనకు కలిగిన నష్టమును కోరుకొనలేదు. అయితే మిగిలినదానిని తనకై దాచుకొనలేదు.

పొరపాటు తలంపులు నాలుగు

మొదటిది, సమర్పణ యనగా అన్యాయమును మౌనముగా సహించుట అనుకొనుట. కొట్టు భర్తకు లోబడుమని, కట్నమునకై వేధించు అత్తవారిని భరించుమని ఆడపిల్లకు బోధించుచు దానికి సమర్పణ యని పేరు పెట్టువారు కలరు. ఇది లేఖన బోధ కాదు. సమర్పణ దేవునికే గాని మనుష్యుల పెత్తనమునకు కాదు. పేరయ్య తరమువారు దేవునికి లోబడిరి గనుకనే వెట్టికి లోబడుట మానిరి. గింజ తనంతట తాను పడవలెను. ఇతరుల గింజను లాగికొని మట్టిలో త్రొక్కుట విత్తుట కాదు.

రెండవది, ఫలమనగా సంపద అనుకొనుట. కానుక వేసినచో వ్యాపారము పెరుగునని చెప్పు బోధ మన పల్లెలకును వచ్చినది. పౌలు చెప్పిన తొమ్మిది గుణములలో ధనము లేదు, పొలము లేదు, పదవి లేదు.

మూడవది, ఒక్క కూటములో కన్నీరు కార్చినచో సమర్పణ ముగిసినదనుకొనుట. జ్యూయెట్ కొండ నెక్కినది ఒక్క ఉదయము. ఆ ప్రార్థన వెంట నడచినది ఇరువది నాలుగేండ్లు.

నాలుగవది, ఫలము వెంటనే కనబడవలెననుకొనుట. బడిలో చిక్కుడు గింజలు నాటించినప్పుడు ప్రతి తరగతిలోను ఒక పిల్లవాడు కనబడును. మొలక వచ్చినదో లేదో చూచుటకై వాడు దినదినము గింజను పైకి తీయుచుండును. అందరి గింజలును మొలచును, వానిది మాత్రము మొలవదు. తన భక్తిని తానే దినదినము త్రవ్వి చూచుకొనువాని సంగతియు ఇట్టిదే.

ఇంటిలో ఆచరణ

ఇంత పెద్ద చరిత్ర చదివి, ఇది మనకు అందని సంగతి యని ఎవరును అనుకొనరాదు. మంచము పట్టిన పెద్దవారికి రాత్రి లేచి నీళ్లందించుట, అన్నదమ్ముల గట్టు తగవులో జానెడు నేలను విడుచుట, తప్పు తనదైనప్పుడు చిన్నవారి యెదుట కూడ ఒప్పుకొనుట, పొరుగు భాషవారి పిల్లవానికి చదువు చెప్పుట, ఇవన్నియు గింజలే. వీటిని ఎవరును పత్రికలో వ్రాయరు. మట్టిలో పడిన గింజను ఎవరును చూడరు గదా.

తలిదండ్రులు పిల్లలతో కూర్చుండి యోహాను 12, 15 అధ్యాయములను, గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయమును వరుసగా చదువవచ్చును. చదివిన తరువాత, మన ఇంటిలో మనము విడువక పట్టుకొనియున్నది ఏది అని ఒక్క ప్రశ్న వేసికొనిన చాలును. దానికి పెద్దలు ముందుగా సమాధానము చెప్పవలెను, పిల్లలు తరువాత.

శామ్యూల్ డే చూడని పంటను మన తాతలు కోసిరి, మనము తినుచున్నాము. మనము చూడబోని పంట యొకటి మన చేతి గింజలోను ఉండవచ్చును.